సముద్రానికి పల్లాన ఒక రాజధాని: జార్జ్‌టౌన్ జ్ఞాపకాలు

దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని గయానా రాజధాని జార్జ్‌టౌన్‌కు మేము 2002 ఏప్రిల్‌లో వెళ్ళడానికి పైకి చెప్పుకున్న కారణం క్రికెట్. భారత జట్టు ఆ యేటి వెస్టిండీస్ పర్యటనలో మొదటి టెస్టును అక్కడి బోర్డా మైదానంలో ఆడుతోంది. నేను అప్పట్లో ట్రినిడాడ్‌లో ఉద్యోగం చేస్తున్నాను కనుక, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి విమానంలో గంటకు కాస్త పైబడిన ప్రయాణమే. మా దగ్గర కొన్ని నెలలు ఉండడానికి వచ్చిన మామయ్యగారు, అత్తయ్యగారు కూడా మాతో బయలుదేరారు. మామయ్యగారు కృష్ణా డెల్టాలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతాల కాలువలు, డ్రెయిన్లు, కరకట్టలు ఆయనకు కొట్టిన పిండి. ఆయన పక్కన లేకపోయి ఉంటే ఆ నగరాన్ని నేను చెక్క చర్చి, క్రికెట్ మైదానం ఉన్న ఒక పాత బ్రిటిష్ రేవుపట్టణంగా మాత్రమే గుర్తుపెట్టుకొని ఉండేవాణ్ణి. అందుచేత ఈ జ్ఞాపకాలలో నాకంటె ఆయనే ఎక్కువగా కనిపిస్తారు.

విమానం తీరానికి దగ్గరవుతున్నప్పుడు కింద సముద్రం నీలంగా లేదు, మట్టిరంగులో ఉంది. ఎక్కడో ఆగ్నేయాన సముద్రంలో కలిసే అమెజాన్ మోసుకొచ్చిన ఒండ్రు, ప్రవాహంతో పాటు ఈ తీరం పొడుగునా కొట్టుకొచ్చి ఇక్కడ మేట వేస్తుంది. ఆ గోధుమరంగు నీటి అంచున సన్నని గోడ, గోడ వెనుక గీతలు గీసినట్టు తిన్నగా సాగే కాలువలు, వాటి మధ్య పొడవాటి చెరకు చేలు, వరి మళ్ళు. కిటికీ దగ్గర కూర్చున్న మామయ్యగారు చాలాసేపు మాట్లాడకుండా చూసి, "అల్లుడుగారూ, ఆ పొలాలు సముద్రం కన్నా కిందుగా ఉన్నట్టున్నాయి, నిజమేనా?" అని అడిగారు. నిజమే. పోటు వేళ సముద్రమట్టం కన్నా జార్జ్‌టౌన్ కొన్ని అడుగుల పల్లంలో ఉంటుంది. దేశంలోని జనంలో అత్యధికులు నివసించేది ఇటువంటి సన్నని తీరపు మట్టి మీదే. లోపలి విశాలమైన భూభాగమంతా అడవే.

తిమెహ్రి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి డెమెరారా నది తూర్పు గట్టు వెంబడి దాదాపు నలభై కిలోమీటర్ల దారి. పాత తోటల పేర్లే ఆ దారిలో ఊళ్ళ పేర్లయ్యాయి: ల్యాండ్ ఆఫ్ కేనన్, గార్డెన్ ఆఫ్ ఈడెన్, డైమండ్, ప్రావిడెన్స్. హిందువుల ఇళ్ళ ముందు వెదురు గడలకు ఎరుపు, పసుపు, తెలుపు జెండాలు కట్టి ఉన్నాయి. దేశ జనాభాలో దాదాపు అయిదింట రెండు వంతుల మంది మన దేశం నుంచి వెళ్ళిన కూలీల సంతతివారు. చెరకు తోటల పక్కన కాలువల్లో ఇనుప పడవలు ఒకదాని వెనుక ఒకటిగా కట్టి ఉన్నాయి. కోసిన చెరకును మిల్లుకు చేర్చేది వాటిలోనే. పడవ కాలువలు మూతపడిన తరువాత మన దగ్గర ఇటువంటి దృశ్యం చూడలేదని అత్తయ్యగారు అన్నారు.

మేము దిగినది క్వీన్స్‌టౌన్ పేటలో ఒక పెద్దావిడ నడిపే చిన్న బసలో. అది స్తంభాల మీద ఎత్తుగా కట్టిన చెక్క ఇల్లు. కింద ఖాళీగా వదిలిన నీడపట్టును అక్కడ 'బాటమ్ హౌస్' అంటారు; ఉయ్యాల మంచం, బట్టల తీగ, మధ్యాహ్నపు కబుర్లు అన్నీ అక్కడే. వరద వస్తే నీరు ఆ స్తంభాల మధ్య నుంచి పోవాలని అలా కడతారు. ఆవిడ ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కినవాడట. ఏ ఊరివాడో, ఏ భాషవాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఊళ్ళో అందరిలాగే మేమూ ఆవిణ్ణి ఆంటీ అనే పిలిచాము. ఆవిడ మామయ్యగారిని అంకుల్ అన్నది.

నగరంలో చూడవలసినవాటిని మొదటి రోజే చుట్టేశాము. డచ్చివారి కాలంలో స్టాబ్రూక్ అన్న పేరుతో ఉన్న ఈ ఊరికి, బ్రిటిష్‌వారు 1812లో తమ రాజు మూడవ జార్జి పేరు పెట్టారు. స్టాబ్రూక్ అన్న పేరు ఇప్పుడు నది ఒడ్డున ఉన్న మార్కెట్‌కు మిగిలింది. 1881లో పూర్తయిన ఆ ఇనుప కట్టడం, దాని గడియారపు బురుజు, చుట్టూ మినీబస్సుల కేకలు, చేపల వాసన, కొబ్బరికాయల గుట్టలు, ఇవన్నీ కలిసి ఊరికి అసలైన నడిబొడ్డు. సెయింట్ జార్జి కథీడ్రల్ పూర్తిగా చెక్కతో కట్టినది; ఎత్తు 143 అడుగులు. లోపలికి అడుగు పెట్టి తల ఎత్తితే, తెల్లని చెక్క కమానుల మధ్య నుంచి వచ్చే వెలుతురు ఎంత తేలికగా ఉంటుందో, బయటి నుంచి చూసినవారు ఊహించలేరు. 1889 నాటి సిటీ హాలు కూడా చెక్కదే. సూదుల్లా లేచిన దాని బురుజులు అప్పటికే రంగు వెలిసి, మరమ్మతు కోసం ఎదురుచూస్తున్నాయి. పాత ఇళ్ళ కిటికీలకు బయటికి వాలుగా తెరుచుకునే చెక్క రెక్కలు ఉంటాయి. వాటిని డెమెరారా కిటికీలు అంటారు. ఎండను ఆపుతూ సముద్రపు గాలిని మాత్రం లోపలికి రానిచ్చే ఆ ఏర్పాటు మన కోస్తా ఊళ్ళకు ఎందుకు రాలేదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బొటానికల్ గార్డెన్స్ చెరువులో విక్టోరియా కలువ ఆకులను, గట్టు మీది గడ్డి కోసం మూతి పైకెత్తే మెనటీలు అనే పెద్ద నీటి జంతువులను వదిలి రావడానికి నా భార్య ఒక పట్టాన ఒప్పుకోలేదు.

మామయ్యగారి మనసు మాత్రం సాయంత్రం సముద్రపు గోడ దగ్గర నిలిచింది. 1855లో వచ్చిన ముంపు తరువాత, 1858లో ఆ గోడ నిర్మాణం మొదలై, 1892 దాకా సాగింది. కట్టినవారిలో చాలామంది జైలు ఖైదీలు. ఆ 1855 అన్న సంఖ్య వినగానే ఆయన ఆగిపోయారు. బెజవాడ దగ్గర కృష్ణకు మొదటి ఆనకట్ట పూర్తయినది కూడా ఆ ఏడే. అక్కడ నీటిని పొలాలకు పంపడానికి కట్టిన ఏటనే ఇక్కడ నీరు ఇళ్ళలోకి వచ్చిందన్నమాట అని, గోడ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. గోడకు ఒక వైపు పోటు మీద ఉన్న సముద్రం, రెండో వైపు చెప్పుకోదగినంత కిందుగా రోడ్డు, కాలువ, ఇళ్ళు. గోడ మీద కుర్రవాళ్ళు కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు. ఈస్టర్ నాడు అక్కడ ఊరంతా గాలిపటాలు ఎగరేస్తారు; పండుగ అయిపోయి రోజులు గడిచినా తీగలకు, కొబ్బరి మట్టలకు వాటి తోకలు ఇంకా చిక్కుకొని ఉన్నాయి.

అప్పుడు ఆయన 1977 నవంబరు 19 గురించి చెప్పారు. దివిసీమ ఉప్పెన గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన నోటి నుంచి మాత్రం అంతకు ముందు నేను వినలేదు. ఆ మరునాటి ఉదయం కరకట్ట మీద నడుచుకుంటూ వెళ్ళి తాము ఏమి చూశారో, ఏ డ్రెయిను దగ్గర గండి పడిందో, లోపలికి వచ్చిన ఉప్పునీరు బయటికి పోయే దారి లేక పొలాల్లో ఎన్నాళ్ళు నిలిచిందో, ఆయన సముద్రం వైపు చూస్తూనే చెప్పారు. అత్తయ్యగారు ఆయన చేతిసంచీ తన చేతిలోకి తీసుకున్నారు. చివరికి ఆయన మళ్ళీ ఉద్యోగి అయిపోయి, "ఇది అంచున్న పళ్ళెమండీ అల్లుడుగారూ. బయటి నీళ్ళు లోపలికి రాకుండా అంచు కట్టారు, బాగానే ఉంది. మరి లోపల పడ్డ వాన బయటికి ఎట్లా పోతుంది?" అన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు మరునాడు దొరికింది. నదిలోకో, సముద్రంలోకో కాలువ కలిసే ప్రతి చోటా ఒక తూము ఉంటుంది. దానిని అక్కడివారు కోకర్ అంటారు. ఎత్తయిన చట్రం, దానికి చక్రం, గొలుసు, కింద బరువైన తలుపు. సముద్రం వెనక్కు తగ్గినప్పుడు తలుపు ఎత్తుతారు, ఊరి మురుగునీరు, వాననీరు బయటికి పోతాయి. పోటు తిరిగి లేచేలోగా తలుపు దించేస్తారు. రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు. పగలైనా రాత్రైనా దాని ప్రకారమే. పోటు వేళ కుండపోత వాన పడితే ఊరు ఆగి ఎదురుచూడవలసిందే. కొన్ని చోట్ల పంపులు ఉన్నాయి కానీ, ఊరి ప్రాణం ఈ తలుపుల మీదనే ఉంది.

మేము వెళ్ళేసరికి తలుపు ఇంకా దించి ఉంది. దాన్ని నడిపే మనిషి ఆఫ్రికన్ సంతతి పెద్దాయన. పక్కన చిన్న గుడిసెలాంటి గదిలో కూర్చొని ఉన్నాడు. ఆయన క్రియోల్ ఇంగ్లీషు నాకే సగం అర్థం కాలేదు. మామయ్యగారి ఆఫీసు ఇంగ్లీషు ఆయనకు ఎంత అర్థమైందో చెప్పలేను. అయినా వారిద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. మామయ్యగారు ఒక పుల్ల తీసుకొని గట్టు మీది మట్టిలో కాలువ అడుగుమట్టం, తలుపు గడప, సముద్రపు ఎగువ దిగువ మట్టాలు గీశారు. పెద్దాయన ఆ పుల్ల అందుకొని గడప బయట ఒక గుట్ట గీసి, అక్కడే అసలు కష్టమని చూపించాడు. అమెజాన్ ఒండ్రు తూము ముఖద్వారం దగ్గర మేట వేస్తుంది. తలుపు ఎత్తిన ప్రతిసారీ లోపలి నుంచి దూసుకొచ్చే నీరే ఆ బురదను కొంత కడిగేస్తుంది. వానలు లేక తలుపు చాలా రోజులు మూసి ఉంచితే బురద గట్టిపడి, తరువాత వాన వచ్చినా నీరు కదలదు. దివిసీమలో సముద్రంలో కలిసే డ్రెయిన్ల దగ్గర తన ఉద్యోగకాలమంతా చూసిన బాధ ఇదేనని మామయ్యగారు నాతో అన్నారు. సమయం అయ్యాక పెద్దాయన లేచి చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. మామయ్యగారు అడగకుండానే రెండో పక్కన చెయ్యి వేశారు. తలుపు కింద నుంచి నల్లని నీరు ఉరికి వచ్చి మట్టిరంగు నదిలో కలిసింది. ఆయన ముఖంలో అంత సంతోషం నేను మళ్ళీ మనవడు పుట్టినప్పుడే చూశాను.

ఈ కాలువలన్నీ ఎవరు తవ్వారన్నది ఆ తరువాత మా మాటల్లో పడింది. తీరాన్ని చెరకు తోటలుగా కోసినది డచ్చివారి ప్రణాళిక. ముందు సముద్రపు కట్ట, వెనుక చిత్తడి నేలల నీటిని ఆపే కట్ట, మధ్యలో పడవలకు, సాగునీటికి ఎత్తున నడిపే ఎగువ కాలువలు, మురుగు కాలువలు. చేతులు మాత్రం ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలవి. చక్కెర పరిశ్రమ మీద 1940ల చివర వేసిన వెన్ కమిషన్ లెక్క ప్రకారం, చదరపు మైలు చెరకు సాగుకు 49 మైళ్ళ మురుగు కాలువలు, 16 మైళ్ళ ఎగువ కాలువలు కావాలి. తీరపు తోటలను నిలబెట్టడానికి బానిసలు చేతులతో కదిలించిన మట్టి పది కోట్ల టన్నులు. ఈ అంకెలను నేను తరువాత జార్జ్‌టౌన్‌లోనే పుట్టిన చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ రచన ద్వారా తెలుసుకొని మామయ్యగారికి చెప్పాను. ఆయన జీవితమంతా మట్టిపని కొలతలు రాసిన మనిషి. పది కోట్ల టన్నులంటే ఎన్ని గంపలో ఆయనకు తెలుసు. ఆయన ఏమీ అనలేదు. 1980లో రాడ్నీ తన ఊళ్ళోనే బాంబు పేలుడులో మరణించాడు.

బానిసత్వం రద్దయ్యాక తోటల యజమానులు మన దేశం వైపు చూశారు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి కూలీలతో గయానా చేరాయి. 1917 దాకా సుమారు 2,39,000 మంది ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. అత్యధికులు భోజ్‌పురి, అవధి మాట్లాడేవారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారు సుమారు 15 వేలు, వారిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా ఉన్నారు. మాన్యుమెంట్ గార్డెన్స్‌లో విట్బీ ఓడ కంచు ప్రతిమ ఉంది. ఊళ్ళో వీరసామి, రామసామి వంటి పేర్లు ఇంకా వినిపిస్తాయి.

మేము అక్కడ ఉండగానే ఏప్రిల్ 13న చిత్రభాను ఉగాది వచ్చింది. అత్తయ్యగారు పచ్చడి లేకుండా సంవత్సరం మొదలుపెట్టడానికి ఇష్టపడలేదు. బోర్డా మార్కెట్‌లో పుల్లని మామిడికాయ, చింతపండు, మిరపకాయలు దొరికాయి. బెల్లం స్థానంలో డెమెరారా చక్కెర వేశారు. ఆ పేరుతో ప్రపంచమంతా తినే ఆ ముదురు చక్కెర పుట్టిన ఊళ్ళోనే ఉన్నాము కదా! వేపపువ్వు మాత్రం ఎక్కడా లేదు. సంగతి విన్న ఆంటీ, తమ మారియమ్మ గుడి ఆవరణలో వేపచెట్టు ఉందని చెప్పి, మనుమణ్ణి పంపి కొమ్మ తెప్పించింది. కొమ్మకు పువ్వు లేదు. లేత చిగుళ్ళు గిల్లి వేశారు. బాటమ్ హౌస్‌లో అందరం తలా ఒక చెంచా తిన్నాము. ఆంటీ ముఖం చిట్లించకుండా తిని, తన అమ్మమ్మ కూడా యేడాదికొకసారి ఏదో చేదు తినిపించేదని అన్నది. అది ఉగాదే అయి ఉంటుందని నేను అనుకోవడం నా కోరికే కావచ్చు. ఆంటీ కూడా అంతకు మించి ఏమీ అనలేదు.

బోర్డా గురించి క్రికెట్ ప్రియులకు వేరే చెప్పనక్కరలేదు. 1930లో వెస్టిండీస్ తన మొట్టమొదటి టెస్టు విజయం సాధించినది అక్కడే; 1971లో సునీల్ గవాస్కర్ తన తొలి టెస్టు శతకం, 116, చేసినది అక్కడే. మేము చూసిన టెస్టులో జార్జ్‌టౌన్ బిడ్డ కార్ల్ హూపర్ 233 పరుగులు చేశాడు, చందర్‌పాల్ 140. మన వైపు నుంచి ద్రావిడ్ 144తో అజేయంగా నిలిచాడు. మన హైదరాబాదు లక్ష్మణ్ ఆడిన కవర్ డ్రైవ్‌లకు చెక్క స్టాండులో కూర్చున్న గయానా భారతీయులు లేచి చప్పట్లు కొట్టారు. తమ జట్టు మీద మమకారం, తాతల దేశం మీద ఆపేక్ష రెండూ వారిలో ఏ ఇబ్బందీ లేకుండా ఇమిడి ఉండడం నాకు ఎంతో బాగా తోచింది. మైదానం చుట్టూ వాననీటి కోసం కందకం ఉంది. విరామాల్లో మామయ్యగారు దాని వెంట నడిచి అది ఏ కాలువలో కలుస్తుందో చూసి వచ్చేవారు. చివరికి వాన అడ్డుపడి ఆట డ్రా అయ్యింది.

ఆదివారం ఆట వదులుకొని ఆంటీ వెంట మారియమ్మ గుడికి వెళ్ళాము. నగరం దాటి, తూర్పు తీరం రోడ్డు పక్కన ఒక కాలువ గట్టున ఉంది. స్త్రీలు ఇత్తడి చెంబులలో పసుపునీళ్ళు, వేపమండలు పట్టుకొని వరుసగా నిలబడ్డారు. ఒక మూల ముగ్గురు కుర్రవాళ్ళు ఎండుటాకులు, కాగితాలు మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని, చాలకపోతే మళ్ళీ మంటకు చూపించారు. జాతరల నాడు మా ఊరి గ్రామదేవత గుడి ముందు నేను చిన్నప్పుడు చూసిన పనే అది, అదే ఓపికతో, అదే క్రమంలో. దరువు మొదలయ్యాక అత్తయ్యగారు కొంగు నడుముకు చుట్టి చేతులు జోడించారు. పాటల మాటలు తరాలుగా నోటి నుంచి నోటికి వచ్చి ఎంతో అరిగిపోయాయి. పాడుతున్నవారికే వాటి అర్థం తెలియదు. దరువు మాత్రం ఒక్క దెబ్బ తప్పలేదు. తరువాత కలువ ఆకులలో అన్నం, ఏడు రకాల కూరలు పెట్టారు: గుమ్మడి, వంకాయ, మామిడి, శనగలు, ఆకుకూర ఇంకా రెండు. కింద కూర్చొని, ఆకులో, చేత్తో తిన్నాము.

మేము తిరిగి వచ్చిన మూడేళ్ళకు, 2005 జనవరిలో, జార్జ్‌టౌన్‌ను, తూర్పు తీరాన్ని వరద ముంచింది. గయానాలో ఎవరికీ గుర్తు లేనంత వాన. వారాల తరబడి నీరు నిలిచింది. అప్పటికి మామయ్యగారు అవనిగడ్డలో ఉన్నారు. టీవీలో చూసి ఫోన్ చేసి మొదట ఆంటీ ఇంటి సంగతి అడిగారు. నీరు బాటమ్ హౌస్ దాకానే వచ్చిందని, మెట్ల మీదకు రాలేదని చెప్పాను. తరువాత, ఆ కోకర్ ముందర మేట తీశారా లేదా అని అడిగారు. ఊరికి మంచినీరిచ్చే వెనుక జలాశయం కట్ట తెగుతుందేమోనన్న భయమే ఆ వరదలో అన్నిటికన్నా పెద్దదని నేను చదివి చెప్పినప్పుడు, ఆ నీటిని నేరుగా సముద్రంలోకి వదలడానికి వేరే కాలువ లేకపోతే ఎప్పటికైనా ప్రమాదమేనని అన్నారు. ఆ తరువాతి దశాబ్దంలో గయానావారు హోప్ అనే ఊరి దగ్గర సరిగ్గా అటువంటి కాలువే తవ్వి, తూము కట్టారు. ఆ వార్త చెప్పడానికి మామయ్యగారు లేరు.

మేము చూసిన నగరం ఇప్పుడు చాలా మారింది. సముద్రంలో చమురు దొరికింది. గాజు హోటళ్ళు లేచాయి. డెమెరారా మీద 1978 నుంచి పడవల మీద తేలుతూ, ఓడలు వచ్చినప్పుడల్లా తెరుచుకొని జనాన్ని ఆపిన పాత వంతెన స్థానంలో కొత్తది వచ్చింది. టెస్టులు బోర్డా వదిలి ప్రావిడెన్స్ స్టేడియానికి వెళ్ళిపోయాయి. కోకర్‌లు మాత్రం అలాగే పనిచేస్తున్నాయి. ఎవరైనా అక్కడికి వెళ్ళే అవకాశం దొరికితే, కథీడ్రల్, మార్కెట్ చూసిన తరువాత ఒక పూట వాటికి కేటాయించండి. ఆ రోజు సముద్రం ఎన్ని గంటలకు తగ్గుతుందో బసలో ముందుగా కనుక్కొని, అంతకు అరగంట ముందే వెళ్ళి గట్టు మీద నిలబడండి. తలుపు నడిపే మనిషిని పలకరించండి. తన పని గురించి అడిగితే సంతోషంగా చెబుతాడు.